ఫోన్‌కు అందే వైఫై లినక్స్ లాప్‌టాప్‌కు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అపార్టుమెంటులో రెండో అంతస్తులో ఉంటాము. రోజూ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. విండోస్ 10కు మద్దతు ఆగిపోయిందని తెలిసి, నా దగ్గరున్న 2015 నాటి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేయించుకున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి గాని వైఫై మాత్రం పది, పదిహేను నిమిషాలకు ఒకసారి తెగిపోతోంది. హాల్లో రూటర్ పక్కన కూర్చుంటే తెగదు. పాఠం చెప్పే లోపలి గదిలోనే ఈ బాధ. అదే గదిలో ఫోన్‌కు ఏ ఇబ్బందీ లేదు. ఛార్జర్ తీసేస్తే మరీ ఎక్కువగా తెగుతుంది. మూత వేసి తీస్తే ఒక్కోసారి నెట్‌వర్కుల పేర్లే కనిపించవు. విజయవాడ పటమటలో మా అక్క ఇంట్లో రెండు రోజులు ఉంటే ఒక్కసారీ తెగలేదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఆదేశాలు చాలా ప్రయత్నించాను, ఎవరో చెప్పిన డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) డౌన్‌లోడ్ చేసుకుని ఎక్కించాను, బ్యాటరీ ఆదా కోసం టీఎల్‌పీ అనే ప్రోగ్రాము కూడా వేశాను. వైఫై కార్డు రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723బీఈ అని చూపిస్తోంది. తెగినప్పుడు లాగ్‌లో, అంటే సిస్టమ్ రాసుకునే చిట్టాలో, ‘డీఆథెంటికేటెడ్’ అని, పక్కన ‘రీజన్ 4’ అని వస్తోంది. లినక్స్‌కు వైఫై పడదు, మళ్లీ విండోస్ వేయించుకోమని అందరూ అంటున్నారు. అది నిజమేనా? లేక కొత్త కార్డు కొనాలా?

సమాధానం: ఆ రెండింటిలో ఏదీ ఇప్పుడే చేయకండి. మీరు ఉత్తరంలో రాసిన వివరాలే రోగం ఎక్కడుందో చాలావరకు చెబుతున్నాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపి చూడకుండా, ఎక్కడెక్కడో దొరికిన ఆదేశాలన్నీ ఒకదాని మీద ఒకటి వేయడం వల్లనే పరిస్థితి ఇంత చిక్కుపడింది. మీ లాప్‌టాప్‌లో ఒకే లోపం కాక రెండు లోపాలు కలిసి పనిచేస్తున్నాయని నా అభిప్రాయం. మొదటిది యాంటెన్నాకు సంబంధించినది, రెండవది విద్యుత్తు ఆదాకు సంబంధించినది. రెండింటినీ డబ్బు ఖర్చు లేకుండా సరిచేసుకునే అవకాశం ఉంది.

ముందుగా ఫోన్ సంగతి చూద్దాం. మీ లాప్‌టాప్‌లోని ఆర్‌టీఎల్8723బీఈ కార్డు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మాత్రమే అందుకోగలదు. ఇప్పటి ఫోన్లు దాదాపు అన్నీ 5 గిగాహెర్ట్జ్‌ను కూడా అందుకుంటాయి గనుక, ఒకే గదిలో ఉన్నా మీ ఫోను, లాప్‌టాపు వేర్వేరు దారుల్లో రూటర్‌తో మాట్లాడుతూ ఉండవచ్చు. అయితే ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను దాటడంలో 2.4 కంటే బలహీనమైనవి. ఫోన్ ఆ గదిలో 5 గిగాహెర్ట్జ్ మీదే నిలకడగా పనిచేస్తూ ఉంటే, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఆ గదికి ఇంకా బాగా చేరుతూ ఉండాలి. అంటే సిగ్నల్ వస్తోంది, మీ లాప్‌టాప్ దానిని సరిగా అందుకోలేకపోతోంది. ఈ మాట ఖాయం చేసుకోవడానికి, రూటర్‌లో రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టి, ఫోన్‌ను 2.4 పేరుకే కలిపి, మీరు పాఠం చెప్పే కుర్చీలోనే కూర్చుని అరగంట సేపు వీడియో చూడండి. ఫోన్ నిలబడితే తప్పు రూటర్‌ది కాదు, కనెక్షన్ ఇచ్చినవారిదీ కాదు.

ఈ కార్డు విషయంలో యాంటెన్నాను అనుమానించడానికి గట్టి కారణం ఉంది. దీని మీద యాంటెన్నా తీగ తగిలించడానికి రెండు స్థానాలు ఉంటాయి. ఆ కాలంలో కొన్ని లాప్‌టాప్‌లను ఖర్చు తగ్గించుకోవడానికి ఒకే యాంటెన్నాతో తయారుచేశారు. ఒక్క యాంటెన్నా ఉండడం తప్పేమీ కాదు. కాని వాటిలో కొన్నింటిలో తీగను ఒక స్థానంలో తగిలించి, కార్డు లోపలి జ్ఞాపకంలో మాత్రం రెండవ స్థానాన్ని వాడమని రాసి పంపించారు. అప్పుడు కార్డు తీగ లేని చోట చెవి పెట్టి వింటుంది. రూటర్ పక్కనే ఉంటే ఆ స్థితిలోనూ ఎంతో కొంత వినబడుతుంది, ఒక గోడ అడ్డం వస్తే వినబడదు. హాల్లో తెగకుండా లోపలి గదిలో తెగడం అచ్చం ఈ లోపానికి సరిపోయే లక్షణం. పటమటలో రెండు రోజులు తెగలేదన్న మాటను బట్టి గుంటూరు కనెక్షన్‌ను తప్పుపట్టే ముందు, అక్కడ రూటర్ ఏ గదిలో ఉందో, మీరు ఏ గదిలో కూర్చున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. రెండూ ఒకే గది అయితే ఆ అనుభవం కూడా యాంటెన్నా అనుమానాన్నే బలపరుస్తుంది.

లినక్స్‌లో ఈ చిక్కుకు విరుగుడు ఇప్పటికే ఉంది. లాప్‌టాప్ విప్పి తీగ మార్చుకోలేనివారి కోసం, ఏ యాంటెన్నా స్థానాన్ని వాడాలో మనమే చెప్పే వీలును డ్రైవర్‌లో చేర్చారు. రియల్‌టెక్ కార్డుల డ్రైవర్లను లినక్స్‌లో ఏళ్ల తరబడి స్వచ్ఛందంగా చూసుకున్న లారీ ఫింగర్ 2024 జూన్‌లో మరణించారు. మీలాంటి వేలమంది పాత లాప్‌టాప్‌లు ఇవాళ పనిచేస్తున్నాయంటే అందులో ఆయన శ్రమ చాలా ఉంది. ‘లినక్స్‌కు వైఫై పడదు’ అనేవారికి ఈ సంగతి తెలిస్తే బాగుండునని నాకు అనిపిస్తుంది. ఆ కార్డును అలా అమర్చి అమ్మింది తయారీదారులు, సరిచేసింది లినక్స్ వైపువారు.

ఆ విరుగుడు పనిచేయాలంటే ముందుగా మీరు చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకోవాలి. ఇది తప్పించుకోరాని పని. మింట్‌తో పాటు టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాము వస్తుంది. దానిలో పాత స్నాప్‌షాట్ (ఆనాటి సిస్టమ్ స్థితికి నకలు) ఏదైనా ఉంటే, ఆదేశాలు వేయడం మొదలుపెట్టక ముందరి తేదీకి తిరిగి వెళ్లండి. మామూలు అమరికలో అది సిస్టమ్ ఫైళ్లనే వెనక్కి మారుస్తుంది గాని మీ పాఠాల ఫైళ్లను తాకదు, అయినా ఒక పెన్‌డ్రైవ్‌లోకి వాటి నకలు తీసుకోవడం మంచిది. స్నాప్‌షాట్ లేకపోతే, మీరు డౌన్‌లోడ్ చేసిన డ్రైవర్‌ను దానితో ఇచ్చిన సూచనల ప్రకారమే తొలగించండి. మీ కార్డుకు కావలసిన డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లోనే, అంటే సిస్టమ్‌కు గుండెలాంటి భాగంలోనే ఉంది. బయటి డ్రైవర్ ప్రతి కెర్నెల్ అప్‌డేట్‌కూ మళ్లీ తయారు కావాలి. అది ఒకరోజు తయారు కాకపోతే మీ వైఫై పూర్తిగా మాయమవుతుంది, అదీ సరిగ్గా క్లాసు మొదలయ్యే వేళకే జరగవచ్చు. ఇదంతా ఎంతవరకు శుభ్రపడిందో తేల్చుకోవాలంటే మింట్ పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్‌ను లైవ్‌గా నడిపి చూడండి. అందులో మీరు చేసిన మార్పులేవీ ఉండవు గనుక, డిస్కును ముట్టుకోకుండానే అసలు డ్రైవర్ నడవడిక తెలుస్తుంది.

ఈ పరీక్షలు సాగినన్నాళ్లూ పిల్లల పాఠాలు ఆగకూడదు. రూటర్ నుంచి లాన్ కేబుల్ లాగి లాప్‌టాప్‌కు పెట్టుకోండి, అది వీలు కాకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ (ఫోన్ ఇంటర్నెట్‌ను లాప్‌టాప్‌కు ఇవ్వడం) పెట్టుకోండి. రెండూ మింట్‌లో ఏ అదనపు డ్రైవరూ లేకుండా పనిచేస్తాయి. కేబుల్ వల్ల ఇంకొక లాభం కూడా ఉంది. కేబుల్ మీద కూడా కనెక్షన్ తెగితే లోపం వైఫైలో లేదని తేలిపోతుంది. వైఫై మీద ఉన్నప్పుడు ఇదే పరీక్షను, అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూసే పింగ్ ఆదేశంతో చేయవచ్చు. ఒక టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) రూటర్ చిరునామాకు, అంటే చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1కు, ఇంకొక టెర్మినల్‌లో ఇంటి బయట ఇంటర్నెట్‌లో ఉండే 8.8.8.8కు పింగ్ నడవనివ్వండి. రూటర్ నుంచే జవాబు ఆగిపోతే తెగింది వైఫై. రూటర్ పలుకుతూ రెండవది ఆగిపోతే తెగింది ఇంటి బయట. రెండూ పలుకుతున్నా పేజీలు తెరుచుకోకపోతే చిక్కు డీఎన్ఎస్‌లో, అంటే వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే ఏర్పాటులో ఉంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ ఒక్క క్షణంలో రూటర్ ఆరిపోయి మళ్లీ వెలగడం కూడా మన ఇళ్లలో మామూలే. కాని అప్పుడు ఫోన్‌కు కూడా తెగాలి. మీకు అలా జరగడం లేదు కనుక దానిని పక్కన పెడుతున్నాను.

ఇక అసలు పరీక్ష. లోపలి గదిలో, ఎప్పటి కుర్చీలోనే కూర్చుని సిగ్నల్ బలాన్ని సంఖ్యలో చూడాలి. తెర మూలనున్న గీతలను నమ్ముకోవద్దు. ‘ఐ’, ‘డబ్ల్యూ’ అనే రెండక్షరాల చిన్న ప్రోగ్రాము ఉంటుంది, లేకపోతే సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి వేసుకోవచ్చు. దాని ‘లింక్’ ఆదేశం సిగ్నల్‌ను డీబీఎమ్ అనే కొలతలో మైనస్ సంఖ్యగా చెబుతుంది, అది సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. మైనస్ 50 చాలా బలమైనది, మైనస్ 67 వరకు వీడియో పాఠానికి ఢోకా లేదు, మైనస్ 80 దాటితే కనెక్షన్ నిలవడం కష్టం. పది డీబీ తేడా అంటే బలంలో పదిరెట్ల తేడా అని గుర్తుంచుకోండి. ఇప్పుడున్న సంఖ్యను కాగితం మీద రాసుకోండి. తరువాత డ్రైవర్‌ను దించి, అంటే దాని పని తాత్కాలికంగా ఆపి, యాంటెన్నా స్థానం చెప్పి మళ్లీ ఎక్కించాలి. టెర్మినల్‌లో సుడో, మోడ్‌ప్రోబ్, మైనస్ ఆర్, డ్రైవర్ పేరు అనే నాలుగు మాటలను ఖాళీలు వదులుతూ టైపు చేస్తే డ్రైవర్ దిగిపోతుంది. డ్రైవర్ పేరు కార్డు పేరే, అన్నీ ఆంగ్ల చిన్న అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. మళ్లీ సుడో, మోడ్‌ప్రోబ్, డ్రైవర్ పేరు రాసి, చివర ఒక ఖాళీ వదిలి ‘ఏ, ఎన్, టీ, అండర్‌స్కోర్, ఎస్, ఈ, ఎల్’ అనే అక్షరాలను కలిపి రాసి, ‘ఈజ్ ఈక్వల్ టు 1’ అని చేర్చండి. నెట్‌వర్క్ కలిశాక సంఖ్య చూడండి. తరువాత అదే పనిని 1కి బదులు 2తో చేయండి. రెండింటిలో ఏదో ఒకదానితో సంఖ్య ఒక్కసారిగా మెరుగుపడితే మన అనుమానం నిజమైనట్లే. ఇలా చేసిన మార్పు రీస్టార్ట్ చేయగానే పోతుంది గనుక భయపడవలసినది లేదు. మంచి ఫలితమిచ్చిన అంకెను శాశ్వతం చేయడానికి, ఈటీసీ డైరెక్టరీలోని మోడ్‌ప్రోబ్ డాట్ డి అనే ఫోల్డర్‌లో, పేరు చివర ‘డాట్ కాన్ఫ్’ ఉండేలా ఒక ఫైలు సృష్టించి, ‘ఆప్షన్స్’ అన్న మాట, డ్రైవర్ పేరు, ఆ తరువాత మీకు పనిచేసిన అమరిక ఒకే వరుసలో రాసి పెట్టండి.

ఈ మార్పుతో రెండు మూడు సాయంత్రాలు పాఠం చెప్పి చూసిన తరువాతే విద్యుత్తు ఆదా వైపు రండి. రెండూ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

ఛార్జర్ తీస్తే ఎక్కువగా తెగడం, లాగ్‌లో ‘రీజన్ 4’ కనిపించడం, ఈ రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి. రూటర్ సెకనుకు దాదాపు పదిసార్లు ‘నేనున్నాను’ అని ఒక సంకేతం పంపుతూ ఉంటుంది. విద్యుత్తు ఆదా పద్ధతిలో వైఫై కార్డు ఆ సంకేతాల మధ్య కునుకు తీసి, తన కోసం ఏమైనా వచ్చిందా అని చూడడానికి మాత్రమే లేస్తుంది. కార్డు సమయానికి లేవకపోయినా, లేచి చెప్పిన మాట బలహీనమై రూటర్‌కు వినబడకపోయినా, ఈ పరికరం చాలాసేపటి నుంచి పలకడం లేదని రూటరే దానిని తొలగిస్తుంది. రీజన్ 4కు అర్థం అదే, నిశ్చలంగా ఉన్నందుకు తొలగించడం. అక్కడ రీజన్ 3 అని, దానితో పాటు ‘బై లోకల్ ఛాయిస్’ అని ఉంటే లాప్‌టాపే స్వయంగా బయటికి వచ్చినట్లు, రీజన్ 15 అయితే పాస్‌వర్డు తాళాలు మార్చుకునే దశలో గడువు దాటిపోయినట్లు. ఆ అంకెను గమనించి రాసినందుకు మిమ్మల్ని అభినందిస్తున్నాను. ‘వైఫై తెగుతోంది’ అని మాత్రమే రాసి ఉంటే ఈ సమాధానం ఇంత సూటిగా రాయడం నాకు సాధ్యమయ్యేది కాదు.

ఈ ఆదా మీ లాప్‌టాప్‌లో మూడు చోట్ల నుంచి అమలు కావచ్చు. మీరు వేసిన టీఎల్‌పీ, ఛార్జర్ ఉన్నప్పుడు వైఫై ఆదాను ఆపి, బ్యాటరీ మీద ఉన్నప్పుడు మొదలుపెడుతుంది. మీ లక్షణానికి ఇది సరిగ్గా సరిపోతోంది కనుక మొదట దానిని తీసేయండి, లేదా దాని అమరికల ఫైలులో బ్యాటరీ మీద వైఫై ఆదా అన్న వరుసను ‘ఆఫ్’ చేయండి. రెండవది మింట్‌లో కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్. ఈటీసీలోని దాని ఫోల్డర్‌లో, ‘కాన్ఫ్ డాట్ డి’ లోపల, పేరులో ‘వైఫై పవర్‌సేవ్’ ఉన్న ఒక చిన్న ఫైలు కనిపిస్తుంది. అందులో 3 అంటే ఆదా ఉండాలని, 2 అంటే వద్దని అర్థం. 3ను 2గా మార్చి రీస్టార్ట్ చేయండి. మూడవది డ్రైవర్ సొంత ఆదా. యాంటెన్నా కోసం రాసిన వరుసలోనే ‘ఎఫ్, డబ్ల్యూ, ఎల్, పీ, ఎస్’ అనే అమరికనూ, ‘ఐ, పీ, ఎస్’ అనే అమరికనూ సున్నా చేసి చేర్చవచ్చు. ఈ క్రమంలోనే, మధ్యలో ఒక్కొక్క సాయంత్రం గడువిచ్చి చేయండి. మొదటి మార్పుతోనే నిలబడితే మిగిలినవి అలాగే వదిలేయండి. దీనివల్ల బ్యాటరీ కొంచెం ముందుగా అయిపోతుంది. పాఠం చెప్పేటప్పుడు ఛార్జర్ పెట్టుకునే ఉంటారు గనుక అది పెద్ద నష్టం కాదు.

ఇంకొక మాట, మీరు రాయలేదు గాని అడగవలసినది. పాఠం చెప్పేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడుతున్నారా? మీ కార్డులో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిప్‌లో ఉన్నాయి. రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి గనుక ఉన్న ఒక్క యాంటెన్నాను వంతులవారీగా పంచుకోవాలి. వాడుతూ ఉంటే తీగ ఉన్న ఇయర్‌ఫోన్లకు మారండి, మాట తెగడం వెంటనే తగ్గుతుంది.

ఇంటి విషయానికొస్తే, ఏడు నుంచి తొమ్మిది అంటే అపార్టుమెంటులో అందరి రూటర్లూ పనిలో ఉండే సమయం. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీదకు ఒకటి రాని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. రూటర్ అమరికలలో ఛానెల్‌ను ‘ఆటో’ నుంచి తీసి, ఇరుగుపొరుగువారు తక్కువగా వాడుతున్న వాటిలో ఒకటి పెట్టండి, వెడల్పును 40 కాక 20 మెగాహెర్ట్జ్ చేయండి. రూటర్‌కూ మీ కుర్చీకీ మధ్య ఇనప బీరువా గానీ, ఫ్రిజ్ గానీ ఉంటే రూటర్‌ను రెండడుగులు పక్కకు జరిపినా తేడా కనిపిస్తుంది. దోమల కోసం పెట్టుకునే లోహపు జాలీ తలుపు కూడా ఈ తరంగాలకు గోడ లాంటిదేనని చాలామందికి తెలియదు. దాని కన్నాలు తరంగం పొడవు కంటే ఎంతో చిన్నవి కావడమే అందుకు కారణం.

మూత వేసి తీసిన తరువాత నెట్‌వర్కులు కనిపించకపోతే లాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయనవసరం లేదు. పైన చెప్పినట్లు డ్రైవర్‌ను దించి మళ్లీ ఎక్కిస్తే చాలు. నిద్ర నుంచి లేచిన కార్డు డ్రైవర్‌తో మాట కలపలేకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. అప్‌డేట్ మేనేజర్‌లోని లినక్స్ కెర్నెళ్ల పట్టికలో మరొక కెర్నెల్ వేసుకుని చూస్తే కొన్నిసార్లు ఇది పోతుంది. పోకపోతే, మూత వేసినా నిద్రపోకుండా పవర్ అమరికలలో మార్చుకోండి.

విండోస్‌కు మారమన్న సలహా గురించి నిజాయితీగా ఒక మాట చెప్పాలి. అక్కడ తయారీదారు సొంత డ్రైవర్ ఉంటుంది గనుక మీ వైఫై బాగానే పనిచేయవచ్చు. కాని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా 2015 నాటి ప్రాసెసర్లను అంగీకరించదు. ఒక వైఫై లోపం కోసం మామూలు మద్దతు ముగిసిపోయిన సిస్టమ్‌కు తిరిగి వెళ్లమని నేను చెప్పలేను.

పైవన్నీ చేసినా నిలవకపోతేనే కొత్త పరికరం గురించి ఆలోచించండి. అప్పుడు కూడా లోపలి కార్డు మార్చమని మీకు చెప్పను. ఉన్న యాంటెన్నా ఒక్కటే అయితే, అది 2.4 గిగాహెర్ట్జ్‌కే తగినది అయితే, ఎంత మంచి కార్డు పెట్టినా పూర్తి ఫలితం రాదు. పైగా కొన్ని కంపెనీల పాత లాప్‌టాప్‌ల బయాస్ (లాప్‌టాప్ వెలగగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) తన పట్టికలో లేని కార్డును చూస్తే బూట్ కానివ్వదు. మీకు తగినది యూఎస్‌బీ వైఫై అడాప్టర్. డబ్బా మీది వేగం అంకెలను చూసి కొనకండి, లోపలి చిప్ ఏమిటో అడగండి. మీడియాటెక్ ఎమ్‌టీ7612యూ, ఎమ్‌టీ7921ఏయూ చిప్‌లకు డ్రైవర్లు లినక్స్ కెర్నెల్‌లోనే ఉన్నాయి, ఎమ్‌టీ7921ఏయూకు 5.18 లేదా ఆ తరువాతి కెర్నెల్ కావాలి. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు చిప్‌లు వేసి అమ్మడం కూడా ఉంది గనుక, దుకాణంలోనే మీ లాప్‌టాప్‌కు పెట్టి, నెట్‌వర్కుల పేర్లు కనిపించాకే డబ్బు ఇవ్వండి. ఇంటికి వచ్చాక దానిని 5 గిగాహెర్ట్జ్ పేరుకు కలపండి. 2.4లోనే వాడవలసి వస్తే మాత్రం పక్కన యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ గానీ హార్డ్ డిస్క్ గానీ ఉండకూడదు. వాటి నుంచి వెలువడే రొద 2.4 గిగాహెర్ట్జ్‌ను చెడగొడుతుందని ఇంటెల్ 2012లోనే కొలిచి చెప్పింది. ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో అడాప్టర్‌ను దూరంగా పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

యాంటెన్నా పరీక్షలో 1తో ఎంత, 2తో ఎంత వచ్చిందో ఆ రెండు సంఖ్యలూ, ఇంకా తెగుతూ ఉంటే లాగ్‌లోని రీజన్ అంకె ఇప్పుడు ఎంత చూపిస్తోందో నాకు రాయండి. ఆ మూడూ తెలిస్తే తరువాత ఏం చేయాలో చెప్పగలను.